దండు చిత్రాలు – కరువు సీమ: మూడవ మైసూరు యుద్ధ చిత్రాల పరిశీలన

1791 మార్చి 7న కారన్‌వాలిస్ సైన్యం బెంగళూరు పేటను ఆక్రమించింది. ఫిరంగులతో కోటగోడకు గండి కొట్టి, 21 రాత్రి కోటలో ప్రవేశించింది. ఆ సైన్యం వెంట నడవడానికి అనుమతి పొందిన ఆంగ్ల చిత్రకారుడు రాబర్ట్ హోమ్ తన మైసూరు దృశ్యాల సంపుటిని 1794లో లండన్‌లో ప్రచురించాడు. ఫిరంగిదళ అధికారి జేమ్స్ హంటర్ చిత్రాలు అతని మరణానంతరం 1805లో వెలువడ్డాయి.

ఈ సంపుటాల్లో కోటలు, కొండలు, ద్వారాలు ప్రధానం. పేట ముట్టడిలో కర్నల్ మూర్‌హౌస్ మరణాన్ని హోమ్ పెద్ద తైలవర్ణ చిత్రంగా వేశాడు. అందులో చూపును నిలిపేది నేలకొరిగిన అధికారి. దెబ్బతిన్న ఊరు కాదు. శ్రీరంగపట్నం దరియాదౌలత్ గోడపై ఉన్న పొల్లిలూరు యుద్ధచిత్రం టిప్పు పక్షాన నిలుస్తుంది. బారులు తీరిన దండు, పేలుతున్న మందుగుండు బండి, పల్లకిలో కర్నల్ బెయిలీ అందులో కనిపిస్తారు. పక్షాలు వేరైనా రెండింటికీ దండే కథానాయకుడు.

ఆ దండు ఏం తిని నడిచిందన్నది అసలు ప్రశ్న. 1791 మేలో శ్రీరంగపట్నం దాకా వెళ్లిన కారన్‌వాలిస్, మేత లేక ఎద్దులు చనిపోతుండగా, లాగలేని పెద్ద ఫిరంగులను తానే ధ్వంసం చేయించి వెనుదిరిగాడు. తర్వాత సైన్యాన్ని నిలబెట్టింది లంబాడీల ఎడ్లపై వచ్చిన ధాన్యం. దక్కనులో 'పుర్రెల కరువు' తాండవించినవీ ఈ సంవత్సరాలే.

బెంగళూరుకు ఉత్తరాన ఉన్న అనంతపురం సీమలో యుద్ధపు దెబ్బ గోడమీద గండిగానే కనిపించాలని లేదు. 1776లో మురారిరావు ఏలుతున్న గుత్తిని హైదరాలీ ముట్టడించినప్పుడు, అంతటి దుర్గం లొంగిపోవడానికి ముఖ్యకారణం కొండమీద నీళ్లు అయిపోవడం. దప్పికను ఏ గీతలో చూపగలరు? శిథిల సౌందర్యానికి అలవాటుపడిన కుంచెకు ఎండిన కోనేరు మరో రమ్యదృశ్యమే అవుతుంది.

అందుకే ఈ చిత్రాల పక్కన కైఫీయతులను ఉంచి చదవాలి. 1790–92 యుద్ధంలో ఇంజనీరుగా పనిచేసిన కాలిన్ మెకంజీయే తరువాత కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో వాటిని సేకరింపజేశాడు. 1800లో కంపెనీకి దక్కిన దత్తమండలాల గ్రామాలు వాటిలో విస్తారంగా ఉన్నాయి. కరణాల కవిలెల నుండి వచ్చిన ఆ వ్రాతల్లో చెరువు ఎవరు కట్టించారు, ఊరు ఎప్పుడు పాడుపడింది, మళ్లీ ఎవరు వచ్చి కాపురమున్నారు అన్నవే ముఖ్యవిషయాలు.