హవాయి దీవుల ‘లోకో ఇయ’: రాతిగట్ల చేపల చెరువుల చరిత్ర

హవాయి భాషలో ‘లోకో’ అంటే చెరువు, ‘ఇయ’ అంటే చేప. 1778లో ఐరోపా నావికులు ఆ దీవులకు చేరేనాటికి అక్కడి తీరాల వెంట ఇటువంటి చెరువులు 360కి పైగా ఉండేవని అంచనా. చేపలను పట్టే రాతి ఉచ్చులు పాలినేషియా దీవులన్నింటా ఉన్నవే. పట్టడం నుండి పెంచడానికి మళ్లి, ఆ పెంపకాన్ని ఇంత విస్తారంగా సాగించినవారు హవాయి ప్రజలు. ఈ చెరువుల క్షీణతను పాత పద్ధతికి కాలం చెల్లడంగా చెప్పడం పరిపాటి. నిర్మాణాన్నీ, దాని చుట్టూ మారిన భూమి హక్కులనూ కలిపి పరిశీలిస్తే ఆ మాట నిలవదు.

చెరువులు పలు రకాలు. చామ మళ్లలోనే చేపలను పెంచేవి కొన్ని; ఇసుకతిన్నె వెనుక నిలిచిన నీటిని వాడుకొనేవి మరికొన్ని. మొలొకాయి దీవిలో ఎక్కువగా కనిపించే ‘లోకో ఉమెయికి’ నిజానికి ఉచ్చు: గట్టులోని సందుల వద్ద వలలు పట్టుకొని, పోటుకు వచ్చే చేపలనూ పాటుకు వెళ్లే చేపలనూ పడతారు. వీటన్నింటిలో ఎక్కువ శ్రమ కోరేది ‘లోకో కువాపా’. తీరం నుండి లోతు తక్కువ సముద్రంలోకి రాతిగట్టు వేసి, కొంత నీటిని వేరు చేస్తారు. ఓఆహు దీవిలోని హెఎయియ చెరువు విస్తీర్ణం సుమారు 88 ఎకరాలు, దాని గట్టు పొడవు రెండు కిలోమీటర్లు. రెండు వరుసల నల్లరాతి గోడల మధ్య పగడపు ముక్కలు నింపారు. సున్నం గాని, మరే అతుకు గాని లేదు. గట్టు గుండా నీరు ఊరుతూనే ఉంటుంది. అలల ఒత్తిడిని అది తట్టుకోవడానికి ఆ ఊట కూడా ఒక కారణం.

చెరువుకు ప్రాణం ‘మాకాహా’ అనే తూము. నిలువు కర్రబద్దలను సన్నని సందులతో దగ్గరగా కట్టి గట్టులో బిగిస్తారు. పూర్వపు తూములో కదిలే భాగమేదీ లేదు. తలుపును ఎత్తడం, దించడం తరువాతి కాలంలో వచ్చిన మార్పు. సముద్రం నుండి చేపపిల్లలు ఆ సందుల్లో దూరి లోపలికి వస్తాయి. పెరిగాక అదే సందు వాటికి చాలదు. గుడ్లు పెట్టే కాలంలో సముద్రంలోకి పోవాలని పెద్ద చేపలు పోటు వేళ తూము వద్ద గుమిగూడతాయి. కాపరి తనకు కావలసినవి తీసుకొని తక్కినవి వదిలేస్తాడు. ముఖ్యంగా పెరిగేవి రెండు: ‘అమఅమ’, ‘అవ’. తెలుగు తీరంలో కత్తిపరిగ, పాలబొంత అని పిలిచేవి ఇవే జాతులు. రెండూ నాచు తిని బతికేవి గనుక వేరే మేత అవసరం లేదు. అయితే ఆ నాచు బాగా పెరగాలంటే ఉప్పునీటితో వాగునీరు కలవాలి.

కాబట్టి చెరువు సముద్రంలో ఉన్నా, దాని మూలం కొండపై ఉంది. కొండ నుండి పగడపు దిబ్బ వరకు సాగే ‘అహుపువా’ అనే భూభాగాన్ని ‘కోనోహికి’ అనే అధికారి నడిపేవాడు. వాగునీరు చామ మళ్లను తడిపి, వాటి సారంతో చెరువులో కలిసేది. గట్టు కూలితే అహుపువా జనమంతా రాళ్లు మోసేవారు. చెరువులోని చేపలు ప్రధానంగా అధిపతులకే చెందేవన్నది మరవరాదు. ఆ వ్యవస్థను సమత్వానికి నమూనాగా చూపడం అతిశయోక్తి.

ఆ అల్లిక 19వ శతాబ్దంలో విడిపోయింది. బయటినుండి వచ్చిన రోగాల వల్ల లక్షల్లో ఉండిన స్థానిక జనాభా 1853 నాటికి సుమారు 70 వేలకు పడిపోయింది. 1848 నాటి ‘మాహెలె’ భూవిభజనతో అహుపువా ముక్కలై వ్యక్తిగత ఆస్తిగా మారింది. తరువాత చెరకు తోటలు వాగులను మళ్లించుకున్నాయి. 1916లో పూర్తయిన వయాహోలె కాలువ ఓఆహు తూర్పు తీరపు నీటిని కొండ అవతలికి తీసుకుపోయింది. అయినా 1901లో అమెరికా మత్స్య కమిషన్ తరఫున జాన్ కాబ్ చేసిన పరిశీలనలో 99 చెరువులు వాడుకలో ఉన్నట్లు, ఏడాదికి సుమారు 6 లక్షల 80 వేల పౌండ్ల చేపలు ఇస్తున్నట్లు తేలింది. జనమూ నీరూ తగ్గిన తరువాతి లెక్క ఇది. పద్ధతి విఫలమైందనడానికి ఇందులో ఆధారం లేదు.

ఆస్తి హక్కు ఎంత దూరం పోగలదో ఓఆహులోనే ఉన్న కువాపా చెరువు చూపుతుంది. 523 ఎకరాల ఆ చెరువును 1960ల ఆరంభంలో తవ్వించి, గృహసముదాయానికి పడవల రేవుగా మార్చారు. రేవులోకి ప్రజలను రానివ్వాలని ప్రభుత్వం పట్టుబట్టింది. 1979లో ‘కైజర్ ఏట్నా’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, పరిహారం ఇవ్వకుండా అలా కోరడం కుదరదని తీర్పు చెప్పింది. హవాయి చట్టం ప్రకారం చేపల చెరువు సొంత ఆస్తి అన్నది ఆ తీర్పుకు ఆధారాలలో ఒకటి. చెరువు పోయింది, దాని పేరు మీద హక్కు మిగిలింది.

హెఎయియ కథ వేరు. 1965 వరదలో దాని గట్టు తెగింది. అంతకుముందే ఆ ప్రాంతంలో నాటిన మడచెట్లు పెరిగి, వేళ్లతో రాళ్లను ఎడం చేశాయి. కోరింగ తీరానికి రక్షణగా నిలిచే మడ, హవాయికి పరాయి మొక్క. అక్కడ అదే గట్టుకు శత్రువు. 2001లో ఏర్పడిన ‘పయెపయె ఓ హెఎయియ’ సంస్థ మడను నరికి, స్వచ్ఛంద సేవకులతో రాయి రాయి పేర్చి, 2015 చివరికి ఆ గండిని పూడ్చింది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణకు కావలసిన పలు అనుమతులను ఒక్క దరఖాస్తు కిందికి తెచ్చింది. 2017లో హెఎయియ జాతీయ నదీముఖ పరిశోధనా క్షేత్రంగా గుర్తింపు పొందింది. వాగు ఎగువన చామ మళ్లను మళ్లీ సాగుకు తేవడం, చెరువు, దాని ముందున్న పగడపు దిబ్బ ఆ ఒకే క్షేత్రం పరిధిలోకి వచ్చాయి.