గాలిగోపురం కింద కాసేపు

గుడికి వెళ్ళినవాళ్ళలో చాలామంది దేవుణ్ణి చూసి వస్తారు గాని, గుడిని చూసి రారు. చెప్పులు ఎక్కడ విడిచామన్న ధ్యాస ఒకవైపు, వరుస ఎంత పొడుగుందన్న బెంగ ఒకవైపు. ఈ రెంటి మధ్యా గోపురం ఎప్పుడు దాటామో మనకే తెలియదు. ఇంటికి వచ్చాక, “గోపురం మీద కలశాలు ఎన్ని?” అని పిల్లవాడు అడిగితే ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.

నేను నెల్లూరులో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. శిల్పశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. అయినా ఏటా మా విద్యార్థులను పెన్న ఒడ్డునున్న రంగనాథస్వామి ఆలయానికి తీసుకువెళుతుంటాను. తిక్కన పాఠం మొదలుపెట్టడానికి అంతకన్న మంచి చోటు ఈ ఊళ్ళో నాకు కనిపించలేదు.

ముందు పేరు సంగతి చూడండి. తల్పగిరి అంటారు. తల్పమంటే పానుపు. ఆదిశేషుడే ఇక్కడ కొండగా మారి స్వామికి పానుపు అయ్యాడని స్థలపురాణం. ఈ స్వామికే పళ్ళికొండ పెరుమాళ్ అని తమిళప్పేరూ ఉంది. అంటే పవళించిన పెరుమాళ్ అన్నమాట. ఒకే భావం రెండు భాషల్లో! తెలుగూ తమిళమూ ఇరుగుపొరుగుగా బతికిన తీరం కదా మనది. కట్టడమూ ఆ సంగతే చెబుతుంది. మనం కాస్త ఆగి తల ఎత్తాలి, అంతే.

ఇక గాలిగోపురం. సుమారు డెబ్బై అడుగుల ఎత్తు, పైన వరుసగా ఏడు బంగారు పూత కలశాలు. గర్భగుడి విమానం మీద సాధారణంగా ఒక్క కలశమే ఉంటుంది. మరి గోపురానికి ఇన్నెందుకు? దాని శిఖరం ఆకారం చూస్తే తెలుస్తుంది. విమాన శిఖరం చాలాచోట్ల గుండ్రంగానో చదరంగానో ఉండి ఒక బిందువు దగ్గర ముగుస్తుంది. గోపుర శిఖరం పొడుగ్గా, బండి గూడులా వంగి ఉంటుంది. దీన్ని శాల అంటారు. పూర్వపు పూరిపాకల కప్పు పోలికే అది. నడికొప్పు పొడుగ్గా ఉంది కనుక దాని వెంబడి కలశాలు బారు తీరుతాయి. ఈ మాట చెప్పగానే మా పిల్లలందరూ ఒక్కసారిగా పైకి చూస్తారు. చిన్నప్పటినుంచి చూస్తున్న గోపురాన్ని వాళ్ళు అప్పుడే మొదటిసారి చూసినట్టుంటుంది!

కట్టుబడిలోనూ ఒక ఉపాయం ఉంది. మన పెద్ద గోపురాలకు సాధారణంగా కింది అంతస్తు రాతిది, పై అంతస్తులు ఇటుకవి. అంత ఎత్తున రాయి పేరిస్తే పునాది మోయగలదా? అందుకని పైకి పోయినకొద్దీ బరువు తగ్గిస్తూ, వెడల్పు కుదిస్తూ వెళ్ళారు. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపి గార పూసి, ఆ గారతోనే బొమ్మలు తీర్చారు.

లోపలికి నడిస్తే మరో విశేషం. బయట ఆకాశమంత వెలుతురు. మండపంలో సగం వెలుతురు. గర్భగుడిలో దీపం వెలుతురు. మనం దగ్గరవుతున్నకొద్దీ కప్పు దిగుతుంది, గోడలు దగ్గరవుతాయి, మాట దానంతట అదే తగ్గుతుంది. నిశ్శబ్దంగా ఉండమని బోర్డు రాయకుండానే స్థపతి మనచేత ఆ పని చేయిస్తాడు. ఈ ఆలయంలోని అద్దాల మండపం మాత్రం పిల్లలకు వేరే వేడుక.

ఇదే ఊళ్ళో మూలాపేటలో మూలస్థానేశ్వరుడు ఉన్నాడు. అక్కడ శివుడు, ఇక్కడ విష్ణువు. 13వ శతాబ్దిలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెనిగించి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఈ రెండు గుళ్ళూ ఒకే పూట చూసిన విద్యార్థికి ఆ అంకితం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇంతవరకూ సంతోషంగా రాశాను. ఇక మనసులో ముల్లులా ఉన్న మాట.

సముద్రానికి దగ్గరగా ఒక పల్లెలో చిన్న పాత గుడి ఉంది. పేరు చెప్పను. దాని అధిష్ఠానం, అంటే గోడ కింది రాతి పీఠం, మీద పాత తెలుగు అక్షరాలు ఒక వరుస ఉండేవి. దీపానికి గొర్రెలను దానమిచ్చిన సంగతని మాత్రం పోల్చుకోగలిగాను. రెండేళ్ళ తరువాత వెళితే అక్కడ నిగనిగలాడే పలకలు! ఆ ఊరి పెద్దాయన సొంత డబ్బు పెట్టి వేయించారట. “ఆ గీతలు ఎవరికి అర్థమవుతాయి అయ్యవారూ? ఇప్పుడు చూడండి, కడగడానికి ఎంత సుళువో” అన్నారు ఎంతో ఆప్యాయంగా. ఆయన భక్తిని ఏమనగలను? బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. ఇంటికి వచ్చి అవన్నీ తిరగేశాను. ఆ శాసనం వాటిలో లేదు.

సముద్రపు ఉప్పుగాలి గారను తినేమాట నిజమే. మరమ్మతు తప్పదు. అయితే సున్నపు గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి ఇటుకను గుల్ల చేస్తుంది. బీటలను చిన్నచూపు చూడటమూ తగదు. మనకు పొరుగునే శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గోపురం, ముందే బీటలు కనిపించినా, 2010 మే 26న కూలిపోయింది. 2017 నాటికి కొత్త గోపురం లేచింది. కాని రాయలనాటి ఇటుక మళ్ళీ రాదు కదా!

కనుక మీ ఊరి గుడికి జీర్ణోద్ధరణ జరుగుతుంటే చందాతోపాటు ఒక మాట కూడా ఇవ్వండి. రంగు వేసేముందు, పలకలు పరిచేముందు రాళ్ళమీద అక్షరాలున్నాయేమో చూడమనండి. ఉంటే ఫొటోలు తీయించి మైసూరులోని భారత పురావస్తు శాఖ శాసన విభాగానికి తెలియజేయమనండి. సున్నంపని తెలిసిన మేస్త్రీ కోసం వెతకమనండి.

మైపాడు సముద్రానికని పిల్లలతో నెల్లూరు వచ్చేవాళ్ళు ఒక గంట ముందుగా బయలుదేరండి. దర్శనం అయ్యాక గాలిగోపురం కింద కాసేపు నిలబడి కలశాలు లెక్కపెట్టమనండి. ఏడెందుకో వాళ్ళే అడుగుతారు. సమాధానం ఇప్పుడు మీకు తెలుసు.