మంట వెలుగంతా మసిదే

మామిడి రోజుల్లో నూజివీడు చుట్టుపక్కల ట్రాక్టరు ట్రక్కుకు అతుకు ఊడితే గ్యాస్ వెల్డింగు షాపుకు తోలాల్సిందే. వెల్డరు ముందు ఎసిటిలిన్ ఒక్కటే వదిలి అంటిస్తాడు. పసుపు మంట బుస్సున లేస్తుంది. నల్లటి మసి తేలివచ్చి చొక్కాల మీద వాలుతుంది. తర్వాత ఆక్సిజన్ తిప్పుతాడు. మంట సన్నబడి నీలమవుతుంది. వేడి మూడు వేల డిగ్రీలు దాటి ఇనుము కరుగుతుంది. కానీ అంతకుముందు షాపంతా పరుచుకున్న పసుపు వెలుగు మాయం! కరెంటు పోతే చదువుకోవడానికి పనికొచ్చేది ఆ మొదటి మంటే.

వేడి పెరిగినా వెలుగు ఎందుకు తగ్గింది? మసి లేకపోవడం వల్ల. కాలినప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి ఎంత వేడెక్కినా కంటికి దాదాపు కనిపించవు. అవి వెదజల్లేది చాలావరకు కంటికి కనిపించని పరారుణ కిరణాలే. ఘనపదార్థం అలా కాదు, కొలిమిలో ఇనుములా కాగేకొద్దీ ఎర్రగా, ఆపైన పసుపుగా మెరుస్తుంది. మంట నడుమ ఆక్సిజన్ చాలక కార్బన్ సన్నటి రేణువులుగా కూడుకుంటుంది. దీపంలో అవి 1,200 డిగ్రీలకు అటూఇటూ కాగి వెలుగుతాయి, అంచున గాలి తగలగానే కాలిపోతాయి. మధ్యలో పళ్లెం అడ్డుపెట్టి వాటిని పట్టుకుంటే కాటుక. లండన్‌లో పిల్లలకు శాస్త్రవేత్త ఫారడే 1860లో కొవ్వొత్తితో చెప్పిన సంగతి మన అమ్మమ్మల చేతుల్లో ఎప్పుడూ ఉన్నదే.

ఎసిటిలిన్ బరువులో 92 శాతం కార్బనే. అందుకే ఒకప్పుడు సైకిళ్లకూ గనుల్లోనూ కార్బైడు దీపాలు వాడారు. కార్బైడు ముక్కల మీద నీళ్లు చుక్కచుక్కగా పడితే ఈ గ్యాసు పుడుతుంది.

అదే కార్బైడును పొట్లం కట్టి మామిడికాయల మధ్య పెడితే గాలిలోని తేమకే ఎసిటిలిన్ వస్తుంది. పండును మాగబెట్టే ఎథిలీన్ పని అది చేస్తుంది. తొక్కకు రంగొస్తుంది, లోపల రసం పుల్లగానే ఉంటుంది. సరుకులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలూ ఉండొచ్చు. 2011 ఆహార భద్రత నిబంధనలు ఈ పద్ధతిని నిషేధించాయి. ఎథిలీన్ వాయువుకైతే 100 పీపీఎం దాకా అనుమతి ఉంది. వెల్డింగుకు కార్బైడు కావాలి కాబట్టి బజారులో అది దొరక్కుండా పోదు. పండ్ల గోదాముల్లో సోదాలతోనే ఈ మాగబెట్టడం ఆగుతుందని నేననుకోను.

మళ్లీ మంట దగ్గరికి వస్తే, మసి లేకపోయినా వాయువు బొత్తిగా చీకటి కాదు. గ్యాస్ పొయ్యి నీలం, ఇంధనం విరిగినప్పుడు క్షణకాలం పుట్టే కార్బన్ అణు శకలాలది. మామిడికాయ పప్పు పొంగి పొయ్యిలో పడితే భగ్గుమనే పసుపు ఉప్పులోని సోడియంది. మసి రేణువు అన్ని రంగులూ కలిపి ఇస్తుంది. వాయువు తనకే ప్రత్యేకమైన గీతలు మాత్రం ఇస్తుంది.

ఈ తేడాతోనే గుంటూరులో పెద్ద పని జరిగింది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని విడదీస్తే విడివిడి గీతలు కనిపించాయి. జ్వాలలని పేరే గాని అక్కడ కాలేదేమీ లేదు, అది కాగిన వాయువు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీత సోడియందేనని మొదట అనుకున్నారు. అది హీలియంది. ఆ మూలకాన్ని రసాయన శాస్త్రవేత్త రామ్సే భూమి మీద ఒక ఖనిజంలో పట్టుకున్నది 1895లో.