పాత ఖడ్గానికి వెల కట్టడం

యుద్ధంలో పని తీరిపోయిన తరువాతనే ఖడ్గం కళాఖండంగా గౌరవం పొందడం చరిత్రలో తరచుగా కనిపిస్తుంది. జపానులో సమురాయ్‌లు బహిరంగంగా ఖడ్గం ధరించడాన్ని 1876లో ప్రభుత్వం నిషేధించింది. నాటి నుండి ఆ ఖడ్గాలు యోధుల నడుములు విడిచి సేకర్తల పెట్టెలలోకి చేరసాగాయి. 1914లో దివాను పదవి వదలుకొని కళావస్తువుల సేకరణకే సంపదను వెచ్చించిన మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) అటువంటి సేకర్త. ఆయన వస్తువులతో 1951లో హైదరాబాదులో ఏర్పడిన మ్యూజియంలో మొగలుల నాటి ఆయుధాలతో పాటు జపాను ఖడ్గాలూ ఉన్నాయి. సూర్యాపేట, కోదాడ విద్యార్థులు విజయవాడ రహదారి మీదుగా, మిర్యాలగూడవారు రైలులో వెళ్ళి వాటిని చూడవచ్చు.

జపాను ఖడ్గాన్ని కొనదలచినవాడు మొదట చూచేది అలుగు మెరుపును కాదు. పిడిని ఊడదీసి, దానిలో దాగిన ఇనుప కాడను చూస్తాడు. కమ్మరి తన పేరు చెక్కేది అక్కడే. అయితే పేరు కనిపించగానే నమ్మరాదు. ప్రసిద్ధుల పేర్లను సామాన్యమైన కత్తులపై చెక్కి అమ్మడం శతాబ్దాల నాటి మోసం. కాడకు పట్టిన నల్లని తుప్పును అక్కడివారు ఎన్నడూ తుడవరు; వయస్సుకు అదే సాక్ష్యం. పదునుపెట్టే ముందు అలుగుకు బంకమట్టి పూసి, అంచున పలుచగా, వెన్నున మందంగా ఉంచి, కాల్చి నీట ముంచుతారు. అందువల్ల అంచు గట్టిపడి, దాని వెంట తెల్లని అలవంటి గీత ఏర్పడుతుంది. నకిలీ కత్తిపై ఆమ్లంతో అటువంటి గీతను గీస్తారు. జపానులో ప్రతి పాత ఖడ్గానికీ నమోదు పత్రం ఉండాలి. ఖడ్గం చేతులు మారిన ఇరవై రోజులలో కొత్త యజమాని ఆ సంగతిని అధికారులకు తెలపాలి.

మన ప్రాంతపు ఉక్కు కీర్తి కూడా తక్కువది కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారు. 1820 ప్రాంతంలో ఆ గ్రామాన్ని దర్శించిన హెన్రీ వాయ్సీ, ఇస్ఫహాన్ నుండి వచ్చిన ఒక వర్తకుడు ఉక్కు గట్టిదనాన్ని తానే స్వయంగా పరీక్షించుకొనేవాడని వ్రాశాడు. ఇటువంటి ఉక్కుతో చేసిన కత్తుల అలుగుపై నీటి అలల వంటి చారలుంటాయి. దసరాకు ముందు ఇటుక పొడితో గట్టిగా తోమితే ఆ చారలు మరుగునపడతాయి. శుభ్రపరచాలనే సదుద్దేశమే ఇక్కడ హాని చేస్తుంది! పాత ఇనుము దుకాణంలో తూకానికి పోయే కత్తి విషయం చెప్పనక్కరలేదు. కొనేవానికి దాని విలువ తెలిసి, అమ్మేవానికి తెలియనప్పుడు ఆ బేరం న్యాయమైనదని అనలేము.

ఈ వ్యవహారంలో చట్టాన్ని మరువరాదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం 1976లో అమలులోకి వచ్చింది. నూరేండ్లు దాటిన కళావస్తువులూ, చారిత్రక ప్రాధాన్యం గల వస్తువులూ దాని పరిధిలోకి వస్తాయి. వాటి వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. విదేశాలకు పంపడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం. ఉల్లంఘించినవారికి ఆరు నెలలకు తగ్గకుండా మూడేండ్ల వరకు జైలుశిక్ష పడుతుంది. అంతేకాక కత్తి ఆయుధం కూడా కనుక 1959 నాటి ఆయుధ చట్టాన్ని సైతం గమనించాలి. ఎవరి నుండి, ఎప్పుడు, ఎంతకు కొన్నారో తెలిపే రసీదును మంచి సేకర్త కత్తితో సమానంగా భద్రపరుస్తాడు.

తాత ముత్తాతల నుండి ఇంటిలో ఉన్న కత్తి వేరు, దున్నుతుండగా నాగలికి తగిలిన కత్తి వేరు. రెండవదాన్ని దొరికినవారు తమ సొత్తుగా భావించి అమ్మరాదు; ఆ సంగతిని అధికారులకు తెలియజేయాలి. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో ఒక కుండ నిండా ఇక్ష్వాకుల కాలపు సీసపు నాణేలు, మొత్తం 3,730 బయటపడ్డాయి. అవి పురావస్తు శాఖ తవ్వకాలలో దొరికినందువల్లనే ఎక్కడ, ఎంత లోతున, ఏ వస్తువుల నడుమ ఉన్నాయో నమోదైంది. అదే కుండ ఏ వ్యాపారి చేతనో పడి ఉంటే నాణేలు ఒక్కొక్కటిగా చెదరిపోయి, ఆ వివరం ఎన్నటికీ తెలిసేది కాదు.