పాత యింటికి క్రొత్త పెరటిగది

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములు మూడును సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు మించిన ఎత్తున నున్నవి. ఈ సీమలో రాతికి కొదువ లేదు. ఇచ్చటి పాతవీథులలో నడచునప్పుడు చూడుడు. మందమైన రాతిగోడలు, మట్టిమిద్దెలు, వీథియరుగులు నేటికిని అక్కడక్కడ కానవచ్చును. ఎండకాలమున ఆ యిండ్లు లోపల చల్లగా నుండును. కాని వంటగది చీకటి; స్నానమునకు దొడ్డిలోనికి పోవలెను. కుటుంబము పెరుగగానే ఇంటిని పడగొట్టుదమను మాట పుట్టును. పడగొట్టక, వెనుకవైపున క్రొత్తభాగమును చేర్చుకొన్నచో వీథి రూపము చెడదు. ఇంటివారికి వెలుతురును, నీటి వసతియు అమరును.

ఇందు జాగ్రత్త పడవలసిన విషయము పాతగోడ. ఖర్చు తగ్గునని కొందరు మేస్త్రీలు క్రొత్తకప్పును దానిపైననే మోపుదురు. పాతగోడ ఏండ్ల తరబడి నేలలో కుదురుకొని యుండును; క్రొత్త పునాది బరువు పడినపిదప కొంత దిగును. రెంటిని బిగించి కట్టినచో గోడ బీటలు వారును. కావున క్రొత్తగదికి వేరుగా స్తంభములు నిలిపి, నడుమ సన్నని సందు విడిచి, వాననీరు దిగకుండ పైని రేకుతో మూయవలెను. పునాదిని పాతగోడకు కొంత ఎడముగా త్రవ్వవలెను. మట్టితో పేర్చిన గోడకు సిమెంటు పూయరాదు. నేలతేమ గాలికి పోవుటకు దారి లేక లోపలనే నిలిచి గోడను గుల్లచేయును. దానికి సున్నపుపూతయే మేలు. మిద్దెనీరు వెనుకకు పోవుచున్నచో, దాని తూమునకు క్రొత్తగది అడ్డుపడకుండ చూచుకొనవలెను. లేనిచో తొలివానకే మిద్దె ఉరియును.

క్రొత్తభాగము పాతదానివలె కనబడవలెనా? 1964లో వెనిస్ నగరమున సమావేశమైన నిపుణులు, చేర్చిన పనిపై దాని కాలపు ముద్ర యుండవలెనని నిర్ణయించిరి. కాంక్రీటు స్తంభమునకు రంగువేసి టేకుస్తంభమని చూపుట గౌరవము కాదు, వేషము. కప్పు పాతమిద్దె ఎత్తును మించకున్న చాలును. పెద్ద గాజుకిటికీ పెట్టినను తప్పులేదు.

ఐతే ఈ స్వేచ్ఛ అందరికిని లేదు. తిరుపతికి చేరువనున్న చంద్రగిరి కోటవంటి కేంద్రరక్షిత కట్టడముల చుట్టును, 2010లో సవరింపబడిన చట్టము ప్రకారము, 100 మీటర్ల వరకు నిషిద్ధప్రాంతము; ఆపైని 200 మీటర్లు నియంత్రితప్రాంతము. ఉన్న యింటికి ప్రక్కకు గాని పైకి గాని చేర్చునదియు నిర్మాణమేయని ఆ చట్టము చెప్పుచున్నది. అందుచే నిషిద్ధప్రాంతమున పెరటిగది కూడదు. 1992 జూన్ 16కు ముందునుండియు ఉన్న యింటికి మరమ్మతు మాత్రము అనుమతితో చేసికొనవచ్చును. ఇరుకింట కాపురముండువారికి ఇది కష్టమే. నియంత్రితప్రాంతమున అనుమతి పొంది కట్టవచ్చును. ఈ హద్దులకు వెలుపలి సామాన్యగృహమును నిలుపుటయు, పడగొట్టుటయు చాలవరకు ఇంటివారి చేతిలోనే యున్నది. గది చేర్చునప్పుడు పురపాలక సంఘమునకు నకలు చూపి అనుమతి పొందవలెను.