వేగము తగ్గిన దెచ్చట?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచితముగా ఇచ్చు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఆ గడువు చూచి ఎందరో తమ ఇంటి కంప్యూటరును విండోస్ 11కు మార్చుకొన్నారు. యంత్రము పాతదే, తీగ పాతదే, నెలనెలా కట్టే సొమ్మూ పాతదే. కాని ఆనాటి నుండి ఇంటర్నెట్ నత్తనడక పట్టినదని కొందరి అనుభవము. దీనికి కారణమును ఏ వరుసలో వెదకవలెనో ఇక్కడ మనవి చేస్తున్నాము.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతములలో ఇట్టి వేళ మన చూపు మొదట వీధి స్తంభము మీదికే పోతుంది. అది సహజము. 2017 డిసెంబరులో ప్రారంభమైన రాష్ట్ర ఫైబర్‌నెట్ తీగ విద్యుత్ స్తంభముల ఆసరాతోనే ఊళ్ళకు వచ్చినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు స్తంభములు వేల సంఖ్యలో కూలిన సంగతి ఉద్దానము వారు మరువలేదు. అయితే గాలివాన లేని నాడు, కంప్యూటరులో మార్పు చేసిన వెంటనే వేగము తగ్గినదంటే ముందుగా ఇంటి లోపలనే చూడవలెను.

మొదటి పరీక్ష సులభము. కంప్యూటరు ఉన్న చోటనే ఫోనును ఉంచి, దాని మొబైల్ డేటాను ఆపి, ఇంటి వైఫైతో వేగము కొలవండి. తరువాత కంప్యూటరులో కొలవండి. రెండింటను వేగము తక్కువైతే లోపము రౌటరులోనో, వెలుపలి తీగలోనో ఉండవచ్చును. ఫోనులో బాగుండి కంప్యూటరులో తగ్గితే వీధి తీగ నిర్దోషి. వంద మెగాబిట్ల పథకమున సెకనుకు దిగేది సుమారు పన్నెండు మెగాబైట్లే. బైటుకు ఎనిమిది బిట్లు గనుక అది లోపము కాదు.

రెండవ పరీక్షగా కంప్యూటరును రౌటరుకు తీగతో కలిపి చూడండి. అప్పుడు వేగము వస్తే చిక్కు వైఫైలో ఉన్నది. రేడియో వినేవారికి ఈ సంగతి సులభముగా తెలుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగము గలదేగాని గోడలను దాటుటలో బలహీనము. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము దూరము పోతుంది. కాని వేగము తక్కువ, ఇరుగుపొరుగు రౌటర్ల సందడి ఎక్కువ. మార్పు తరువాత కంప్యూటరు ఈ రెండవ దానినే పట్టుకొన్నదేమో చూడవలెను. దళసరి గోడల పాత ఇండ్లలో రౌటరును నడిమి గదికి మార్చుటయే ఒక్కొక్కప్పుడు చాలును.

తీగతోను వేగము రాకపోతే కంప్యూటరు లోపల మూడు సంగతులు చూడండి. కొత్త విండోస్ కొంతకాలము తెర వెనుక తాజా భాగములను దించుకొంటూ ఉంటుంది. దానిని ఒక దినము పని చేయనివ్వండి. నెట్‌వర్క్ పరికరమును నడిపే డ్రైవరు మారి ఉండవచ్చును. కంప్యూటరు తయారీదారు ఇచ్చిన డ్రైవరును తిరిగి ఎక్కించండి. పాత వీపీఎన్ గాని, పాత యాంటీవైరస్ గాని అడ్డుపడవచ్చును. వానిని కొత్త రూపమునకు మార్చండి. ఒకసారి ఒక్క మార్పే చేసి మరల కొలవండి. అన్నీ ఒక్కమారుగా మారిస్తే ఏది కారణమో తెలియదు.

ఇంటర్నెట్ బాగున్నా, ఇంటిలోని ఒక యంత్రము నుండి మరొక దానికి ఫైళ్ళు మెల్లగా పోతే కారణము వేరు కావచ్చును. 2024 అక్టోబరులో వెలువడిన విండోస్ 11 24హెచ్2 ప్రో తరగతి, అట్టి ప్రతి బదిలీకి డిజిటల్ సంతకము కోరుతుంది. పాత నిల్వ పెట్టెలకు ఆ లెక్క భారమవుతుంది. వేగము కొరకు ఆ సంతకమును గాని, ఫైర్‌వాల్‌ను గాని తీసివేయుట దొంగకు తలుపు తీయుటయే.

దూరదేశమున ఉన్న కుమారునితో మాట్లాడుటకు తల్లి ఎదురుచూచే వేళ, దరఖాస్తు గడువు ముగియనున్న వేళ, తొందరలో హెచ్చు ధర పథకమునో కొత్త యంత్రమునో కొనబుద్ధి అవుతుంది. ఆ ఖర్చుకు ముందు ఈ రెండు పరీక్షలకు అరగంట కేటాయించండి. లోపము మీ ఇంటిలోనిదైతే కొత్త పథకము దానిని తీర్చలేదు. వెలుపలిదైతే మీరు కొలిచిన అంకెలే మీ ఫిర్యాదుకు బలమవుతాయి.