రాత్రి కరెంటుకు పడుగు లెక్క

పడుగు ఎంత పొడవున్నదో అంతకు మించి గుడ్డ నేయలేమని మన ఇండ్లలో చిన్నపిల్లలకు కూడ తెలియును. బ్యాటరీ సంగతియు అంతే. ఎండ ఉన్నంతసేపు సోలారు పలకలు కరెంటు ఇచ్చుచుండును. ప్రొద్దు గ్రుంకిన తరువాత బ్యాటరీలో నిలువ ఉన్నదే మనకు మిగులును. అది తెల్లవారువరకు రావలెనన్న ముందుగా లెక్క కట్టుకొనవలెను. లెక్క లేక కొన్న బ్యాటరీ రెండు మూడేండ్లలో చెడిపోయి, దానికై చేసిన అప్పు మాత్రము నిలిచి ఉండుట నేతవారి ఇండ్లకు ఎంత బరువో మేమెరుగుదుము. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందు బిల్లు చూడవలెను

బ్యాటరీ కొన్నచో కరెంటు ఖర్చు తగ్గునని పలువురు అనుకొనుచున్నారు. ఇది అందరికి వర్తించు మాట కాదు. తమిళనాడులో చేనేతవారికి రెండు నెలలకు 200 యూనిట్లుగా ఉన్న ఉచిత కరెంటును 2023లో 300 యూనిట్లకు పెంచిరి. కర్ణాటకలో అదే సంవత్సరము ఆరంభమైన గృహజ్యోతి పథకములో నెలకు 200 యూనిట్ల లోపు వాడు ఇండ్లకు, వెనుకటి సగటు వాడకము మీద కొంత చేర్చి, అంతవరకు ఉచితముగా ఇచ్చుచున్నారు. అట్టి ఇంటిలో బిల్లే లేనప్పుడు బ్యాటరీ మిగిల్చునదేమి? అక్కడ బ్యాటరీ కరెంటు పోయిన వేళకు కాపుదల మాత్రమే. ఆ మేరకు చిన్నది చాలును. యూనిట్‌కు డబ్బు చెల్లించుచోట, కరెంటు తరచుగా పోవుచోట లెక్క వేరు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటినప్పుడు గంజాం జిల్లాలో అనేక గ్రామములు దినముల తరబడి చీకటిలో ఉండినవి. బరంపురము పట్టు నేయు మన వారికి బ్యాటరీ విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకములో ఇంటి కప్పు మీది సోలారుకు 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లకు గాని అంతకు పైన గాని మొత్తము 78,000 రూపాయలు సహాయముగా నిర్ణయించిరి. ఈ సహాయము పలకల సామర్థ్యమును బట్టి లెక్కించునది. బ్యాటరీ వెలకు కాదు. బ్యాటరీ లేక వీధి కరెంటుతో మాత్రమే కలిపిన సోలారు, వీధిలో కరెంటు పోగానే తానును ఆగిపోవును. తీగెల మీద పనిచేయు మనుష్యుల ప్రాణము కాపాడుటకు అట్లు చేసిరి. కావున పలకలు ఉన్నవిగదా, చీకటి రాదు అని ఎవరును భ్రమపడరాదు.

రాత్రికి ఎంత పట్టును?

వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడచినచో ఒక యూనిట్ ఖర్చగును. వస్తువు వాట్లను గంటలతో హెచ్చవేసినచో వాట్-గంటలు వచ్చును. ఒక మగ్గము గల ఇంటిని తీసికొందము.

సాయంకాలము 6 మొదలు 10 వరకు మగ్గము మీద 9 వాట్ల బల్బులు రెండు: 72.
అదే నాలుగు గంటలు ఇంటిలో బల్బులు మూడు: 108.
టీవీ 60 వాట్లది, 2 గంటలు: 120.
కండెలు చుట్టు మోటారు 150 వాట్లది, 2 గంటలు: 300.
రాత్రి 9 మొదలు 5 వరకు పాతరకము 75 వాట్ల పంకాలు రెండు: 1200.
తెల్లవారుజామున 5 మొదలు 7 వరకు మగ్గపు బల్బులు 36, పంకా ఒకటి 150.

వెరసి 1986 వాట్-గంటలు. అనగా రమారమి 2 యూనిట్లు.

దీపములు, మోటారు ఎక్కువ తినునని మనము తలచుదుము. ఈ లెక్కలో మూడింట రెండు పాళ్లకు పైగా తినునవి పంకాలే. 30 వాట్లతో తిరుగు కొత్తరకము బి.ఎల్.డి.సి. పంకాలు వేసినచో 1350 కాస్త 540కి దిగును. మొత్తము 1176 అగును. కండెలు చుట్టుట పగలు ఎండ ఉండగానే ముగించినచో 876 అగును. నేత ఒక్క గజము తగ్గలేదు, ఎవరి నిద్రయు చెడలేదు. రాత్రి ఖర్చు మాత్రము సగము కంటె తక్కువకు వచ్చినది.

బ్యాటరీ ఎంతది?

12 వోల్టులు, 150 ఆంపియర్-గంటలు అని వ్రాసి ఉన్న బ్యాటరీలో 1800 వాట్-గంటలు పట్టును. సీసపు బ్యాటరీని ప్రతిదినము సగమునకు మించి వాడినచో ఆయువు తగ్గిపోవును. కావున 900 అని పెట్టుకొనవలెను. ఇన్వర్టరు తన వంతుగా నూటికి 10 మొదలు 15 వరకు తీసికొనును. మనకు చేరునది 765. పాత లెక్క ప్రకారము 1986కు మూడు బ్యాటరీలు కావలెను. 876కు ఒకటి కొద్దిగా చాలదు. టీవీ కట్టివేసినచో 756తో బొటాబొటిగా సరిపోవును. అదే కొలత గల లిథియం బ్యాటరీలో నూటికి 80 పాళ్లు వాడుకొనవచ్చును గనుక 1224 వరకు చేరును. నాలుగవ వంతుకు పైగా మిగులును. దాని వెల హెచ్చు, ఆయువు హెచ్చు. రెండును కలిపి చూచుకొనవలెను.

నింపుట సంగతి కూడ మరువరాదు. వెయ్యి వాట్ల పలకలు మంచి ఎండలో దినమునకు సుమారు 4 యూనిట్లు ఇచ్చును. ముసురు దినములలో అది సగమునకును, ఇంకను తక్కువకును పడిపోవును.

షోలాపురము, భివండీలలో సాంచలు నడుపు మన సోదరులకు ఒక మాట. ఒక హార్సుపవరు మోటారు అనగా 746 వాట్లు. ఎనిమిది గంటల పూర్తి పనికి 6 యూనిట్లకు తక్కువ పట్టదు. ఇంటి బ్యాటరీతో రాత్రి పాళీ నడపవచ్చునని ఎవరైన చెప్పినచో నమ్మవద్దు.

రాత్రి పాటింపవలసినవి

వీధి కరెంటు ఉన్నంతసేపు, అందును అది ఉచితమైనచోట, రాత్రి దానినే వాడి బ్యాటరీని నిండుగా ఉంచుకొనుట మేలు. అనేక ఇన్వర్టర్లలో ఈ వరుసను మార్చుకొను వీలున్నది, బిగించువానిచేత పెట్టించుకొనుడు. కరెంటు పోయినప్పుడు ముందు టీవీ, తరువాత అదనపు దీపములు ఆపవలెను. ముసలివారు, పసిబిడ్డలు పడుకొన్నచోట పంకా ఆపి మగ్గపు దీపము వెలిగించుట తగదు. నిద్ర లేని ఇంటిలో మరునాడు పోగులు తెగుటయే గాని గుడ్డ సాగదు. పడుకొనునప్పుడును లేచినప్పుడును బ్యాటరీ గుర్తును ఒక వారము పుస్తకములో వ్రాసినచో మీ ఇంటి పడుగు పొడవు మీకే తెలియును.

బ్యాటరీని మగ్గపు గుంట దగ్గర పెట్టరాదు; వానాకాలమున గుంటలో నీరూరును. సీసపు బ్యాటరీ నిండునప్పుడు మండెడి వాయువు వచ్చును గనుక గాలి ఆడుచోట, నూలునకును పొయ్యికిని దూరముగా ఉండవలెను. అందులో డిస్టిల్డు వాటరు తప్ప కుళాయి నీరు పోయరాదు. నూలు ధూళి ఇన్వర్టరు గాలి రంధ్రములను మూయును. వారమునకొకసారి, ఇన్వర్టరును ఆపి, పొడి గుడ్డతో తుడువవలెను.

కడపటి మనవి. మజూరీ మీద అడ్వాన్సు తీసికొని బ్యాటరీ కొనవద్దు. కొనువారు పదిమంది కలిసి సంఘము ద్వారా ధర అడిగినచో బేరము కుదురును. గ్యారంటీలో చెడినదానికి కొత్తది ఇత్తురా, లేక వెలలో కొంత తగ్గింతురా అనునది కాగితము మీద వ్రాయించుకొనవలెను. పైన చూపిన లెక్కను మీ ఇంటి వస్తువులతో వేసికొని, ఆ కాగితము చేత పట్టుకొనియే దుకాణము మెట్లెక్కుడు. ఎంత బ్యాటరీ కావలెనో అంగడివాడు చెప్పకముందే మనకు తెలిసి ఉండవలెను.